ఆసుపత్రిలో కుల, జాతి వివక్ష తగ్గించే ఊరి జట్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను ఇరవై ఏళ్ళకు పైగా నెల్లూరు జిల్లాలో ఏఎన్‌ఎంగా పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు కోవూరు, ఇందుకూరుపేట, విడవలూరు వైపు ఎస్టీ కాలనీల్లో, దళితవాడల్లో జనాన్నీ ఆసుపత్రి వాళ్ళనీ ఒకచోట కూర్చోబెట్టే పనిలో తిరుగుతున్నాను. ఏ ఊరికి వెళ్ళినా ఇవే సందేహాలు. రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేసి కూడా అడుగుతారు. అందుకే అన్నీ ఒకచోట రాసిపెట్టాను. ఏ ప్రశ్నకు ఆ ప్రశ్న విడిగా చదువుకోవచ్చు.

## మొదలుపెట్టే ముందు

జాతి వివక్ష అంటే అమెరికాలో నల్లవాళ్ళ గొడవ కదా, మన నెల్లూరులో అదెక్కడుంది?

అక్కడ ఒంటి రంగు చూస్తారు, ఇక్కడ పుట్టిన వీధి చూస్తారు. కులమూ జాతీ ఒకటేనా అని 2001లో డర్బన్‌లో జరిగిన ఐక్యరాజ్యసమితి సదస్సులో పెద్ద చర్చే నడిచింది. ఒకటి కాదన్నది మన ప్రభుత్వం మాట. పుట్టుకను బట్టి చూపే వివక్ష కూడా ఇందులోకే వస్తుందని 2002లో ఐరాస కమిటీ చెప్పింది. ఆ వాదన ఎటు తేలినా మన రాజ్యాంగం 15వ అధికరణంలో మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు అన్నీ ఒకే వరుసలో రాసి, వీటిని బట్టి వివక్ష చూపకూడదంది.

ఈ జిల్లాలో ఎస్టీలైన యానాదుల సంగతే తీసుకోండి. బ్రిటిష్ కాలపు నేరస్థ జాతుల చట్టం కింద వీళ్ళలో కొందరికి పుట్టుకతోనే దొంగలని ముద్ర వేశారు. వెన్నెలకంటి రాఘవయ్య గారి లాంటి వాళ్ళు దశాబ్దాల పాటు దాని మీద పోరాడారు. 1952లో ఆ చట్టం పోయింది. అయినా చేలో మోటారు పోతే ఇప్పటికీ ముందు ఎటు చూస్తారో ఈ జిల్లాలో పుట్టినవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. అదే చూపు ఆసుపత్రి ఓపీ గదిలోకీ వస్తుంది.

రోగం కులం చూసి రాదు కదా? వివక్షకీ ఆరోగ్యానికీ సంబంధం ఏంటి?

రోగం కులం చూడదు, నిజమే. కానీ అది వచ్చే దారులు కులాన్ని బట్టి ఉంటాయి. కాలువ కట్ట మీద, చెరువు లోతట్టులో గుడిసె వేసుకున్నవాళ్ళకి వానాకాలం మురుగునీళ్ళు ఇంట్లోకే వస్తాయి. మంచినీళ్ళ పైపు ఊరి చివరి మలుపు దగ్గరే ఆగిపోతుంది. ఆధార్ లేకపోతే రేషన్ రాదు, రేషన్ లేకపోతే కడుపుతో ఉన్న పిల్లకి రక్తం పట్టదు.

ఇక రెండోది ఆలస్యం. ఒకసారి చీదరించుకుంటే మనిషి మళ్ళీ ఆ గడప తొక్కదు. నేను చూసిన ఒక గర్భిణి మూడో నెలలో చూపించుకోవడానికి వచ్చింది. బీపీ చూసే సిస్టర్ పట్టీ ఆమె చేతికి తాను చుట్టకుండా బల్ల మీద పెట్టి, "నువ్వే చుట్టుకో" అంది. ఆ పిల్ల దాన్ని తలకిందులుగా చుట్టుకుంది. పక్కనున్నవాళ్ళు నవ్వారు. మళ్ళీ ఆమెను నేను చూసింది తొమ్మిదో నెలలో, కాళ్ళూ మొహమూ వాచిపోయి ఉండగా. ఆ ఆరు నెలలు పోయింది నిర్లక్ష్యం వల్ల కాదు, ఆ నవ్వు వల్ల.

చదువూ డబ్బూ వస్తే అన్నీ సర్దుకుంటాయని కొందరంటారు. అమెరికాలో గర్భం, కాన్పు సమస్యలతో చనిపోయే నల్లజాతి తల్లులు తెల్లజాతి తల్లులతో పోలిస్తే దాదాపు 3 రెట్లు ఎక్కువ. కాలేజీ చదువులు చదివినవాళ్ళలో కూడా ఆ తేడా పోవడం లేదు.

జనమూ ఆసుపత్రీ జట్టు కట్టడమంటే ఇంకో కమిటీ వేయడమేనా?

కొత్త కమిటీ అక్కర్లేదు. ఉన్నదాన్ని బతికిస్తే చాలు. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ మొదలైన దగ్గర్నుంచీ ప్రతి ఊరికీ ఒక గ్రామ ఆరోగ్య, పారిశుధ్య, పోషకాహార కమిటీ ఉండాలి. మార్గదర్శకాల ప్రకారం అందులో కనీసం 15 మంది, వాళ్ళలో సగం మంది ఆడవాళ్ళు ఉండాలి, ఎస్సీ ఎస్టీలకు చోటుండాలి. చాలా ఊళ్ళలో ఇది రిజిస్టరులో సంతకాలుగానే ఉంది.

మేం చేసేదల్లా ఆ సంతకాలను మనుషులుగా మార్చడం. కాలనీ నుంచి నలుగురైదుగురు, ఆశా, ఏఎన్‌ఎం, అంగన్‌వాడీ టీచరు, పొదుపు సంఘం లీడరు, పీహెచ్‌సీ నుంచి ఒకరు. నెలకోసారి కూర్చోవాలి. ఏం మాట్లాడాలో కాలనీ వాళ్ళే ముందుగా చెప్పాలి. ఈ చివరిది లేకపోతే మిగతావన్నీ ఉన్నా అది జట్టు కాదు.

ఇట్లా చేస్తే ఫలితం వచ్చిన చోటు ఒక్కటైనా ఉందా?

ఉంది. అమెరికాలో లాస్ ఏంజెలెస్ వైపు నల్లజాతి మగవాళ్ళకి బీపీ ఎక్కువ, ఆసుపత్రుల మీద నమ్మకం తక్కువ. అక్కడ ఫార్మసిస్టులను వాళ్ళు రోజూ వెళ్ళే సెలూన్‌కే పంపి, డాక్టర్ల ఒప్పందంతో మందులు అక్కడే రాయించారు. ఆ అధ్యయనం 2018లో వచ్చింది. 52 సెలూన్లు, 319 మంది. ఆరు నెలలకు వాళ్ళ పై బీపీ సగటున 27 పాయింట్లు తగ్గింది. డాక్టరు దగ్గరికి వెళ్ళమని సెలూన్ యజమాని చెప్పి పంపిన చోట తగ్గింది 9 పాయింట్లే.  వైద్యం ఎక్కడ, ఎవరి సమక్షంలో జరిగిందన్నది కూడా లెక్కలోకి వస్తుంది.

మన పక్కనే మహారాష్ట్రలో, జామ్‌ఖేడ్‌లో, డాక్టర్ రాజ్ ఆరోలే, డాక్టర్ మేబెల్ ఆరోలే 1970లో పని మొదలుపెట్టారు. చదువురాని పల్లె ఆడవాళ్ళను, వాళ్ళలో దళిత మహిళలను, ఆరోగ్య కార్యకర్తలుగా తయారుచేశారు. అంటరానిదన్న చేతుల్లోనే పై కులాల ఇళ్ళ కాన్పులు జరిగాయి.

అంత దూరం ఎందుకు, మన దూబగుంట లేదా? అక్షరాస్యత కేంద్రంలో చదువుకోవడానికి కూర్చున్న ఆడవాళ్ళు 1992లో సారా కొట్టు మూయించారు. అది జిల్లా అంతా పాకి, 1993లో రాష్ట్రమంతా సారా నిషేధం దాకా వెళ్ళింది. చదువు చెప్పడానికి పెట్టిన కేంద్రంలో వాళ్ళు తమ సమస్యను తామే ఎంచుకున్నారు.

## జట్టు కట్టేటప్పుడు

మీటింగ్ ఎక్కడ పెడితే అందరూ వస్తారు?

కాలనీలోనే. గుడి అరుగు మీద పెడితే రానివాళ్ళుంటారు, వచ్చినా దూరంగా నిలబడేవాళ్ళుంటారు. పెద్దాయన ఇంటి వసారా అసలు వద్దు. సాయంత్రం కూలి నుంచి వచ్చి, పొయ్యి మీద అన్నం దించాక పెట్టండి. అందరికీ కుర్చీలు లేకపోతే డాక్టరుతో సహా అందరూ చాప మీదే కూర్చోవాలి. టీ గ్లాసులు అన్నీ ఒకే రకంవి తెండి. చిన్న విషయమే గానీ, మొదటి రోజు అందరి కళ్ళూ దాని మీదే ఉంటాయి.

ఎన్నిసార్లు పిలిచినా యానాది కుటుంబాలు రావడం లేదు. వాళ్ళకే ఆసక్తి లేదేమో?

ఆసక్తి లేదన్న మాట నేనూ సర్వీసులో ఉండగా చాలాసార్లు రిపోర్టులో రాశాను. ఆ రాత తప్పు. రొయ్యల గుంట కాపలా ఉన్నవాడు గుంట వదిలి రాలేడు. బాతులు మేపే కుటుంబం నెలలో సగం రోజులు ఊళ్ళోనే ఉండదు. జామాయిలు కొట్టడానికి వెళ్ళినవాళ్ళు పిల్లల్ని కూడా తీసుకుపోతారు. అడ్వాన్సు తీసుకుని ఒకరి దగ్గర ఇరుక్కున్నవాళ్ళు యజమానికి చెప్పకుండా మీటింగ్‌కి వచ్చే ధైర్యం చేయలేరు. వెట్టి చాకిరీని 1976లోనే చట్టం రద్దు చేసింది, ఆ ముక్క వాళ్ళకి చెప్పినవాళ్ళు తక్కువ.

ఇంకోటి, వాళ్ళ దగ్గరికి ఇప్పటికే చాలామంది వచ్చారు. ఫోటోలు తీసుకున్నారు, వేలిముద్రలు వేయించుకున్నారు, వెళ్ళిపోయారు. అందుకని మొదటి రెండు మూడు సార్లు ఏమీ అడక్కండి. ఒక పని చేసిపెట్టండి. మేం ఒక కాలనీకి వరుసగా నాలుగు నెలలు వెళ్ళి పిల్లల పుట్టిన రోజు సర్టిఫికెట్ల పనే చూశాం. ఐదో నెల ఒక ముసలామె తనే చాప పరిచి, "ఏందమ్మా, ఇయ్యాల లేటయింది?" అంది. మా అసలు మీటింగ్ ఆ రోజు మొదలైంది.

పై కులాల వాళ్ళని కలుపుకోవాలా, దూరం పెట్టాలా?

కలుపుకోవాలి. మూలపేట వేణుగోపాలస్వామి గుడిలోకి దళితులను రానివ్వాలని 1946లో నిరాహార దీక్ష చేసింది పొట్టి శ్రీరాములు గారు. ఆయన దళితుడు కాదు. తమ ఇంటివాళ్ళకు తామే చెప్పగలిగే మనుషులు ప్రతి ఊళ్ళోనూ ఇద్దరు ముగ్గురు ఉంటారు, వాళ్ళను వెతకండి. అయితే మీటింగ్ నడిపే కుర్చీ, చెక్కు మీద సంతకం, అధికారి ముందు మాట్లాడే మొదటి అవకాశం కాలనీ వాళ్ళవే. దానికి ఒప్పుకోని పెద్దమనిషి ఎంత మంచివాడైనా కొన్నాళ్ళు ఆగమని చెప్పండి.

ఆశా కార్యకర్త కాలనీలోకి రాదు, రోడ్డు మీదే నిలబడి పిలుస్తుంది. ఏం చేయాలి?

ఈ ప్రశ్నకి నేను తల వంచుకునే జవాబు చెప్పాలి. మొదటి ఐదారేళ్ళు నేనూ అంతే చేశాను. కాలనీ మొదట్లో వేపచెట్టు కింద నిలబడి పేర్లు పిలిచేదాన్ని, టీకా బాక్సు అక్కడే తెరిచేదాన్ని. బురద అనీ, టైం లేదనీ నాకు నేను చెప్పుకున్నాను. ఒకరోజు వాన పడితే ఒక తల్లి చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కెళ్ళింది. వాళ్ళింట్లో మంచం మీద కూర్చున్నాక గానీ మూలన దగ్గుతున్న తాత నాకు కనపడలేదు. తెమడ పరీక్ష చేయిస్తే టీబీ. ఏడాదిగా ఆ ఇంటికి మాత్రలు ఇస్తున్నదాన్ని నేనే, ఆయన్ని చూడనిదాన్నీ నేనే.

అందుకని ఆమెను తిట్టి ప్రయోజనం లేదు. మొదటి నెల జట్టు మనిషి ఒకరు ఆమెతో కలిసి ఇంటింటికీ తిరగండి. మామూలు ఊళ్ళలో 1,000 జనాభాకు ఒక ఆశా ఉంటారు. గిరిజన ఆవాసాలకు ఆ లెక్క సడలించి ఆవాసానికి ఒకరిని పెట్టుకునే వీలుంది. పోస్టు ఖాళీ అయినప్పుడు కాలనీ అమ్మాయినే తీసుకోమని గ్రామసభలో తీర్మానం చేయించండి.

ఖర్చులకు డబ్బు ఎవరిస్తారు?

గ్రామ ఆరోగ్య కమిటీకి ఏడాదికి 10,000 రూపాయల దాకా షరతుల్లేని నిధి వచ్చే ఏర్పాటు జాతీయ ఆరోగ్య మిషన్‌లో ఉంది. అది వచ్చిందా, దేనికి ఖర్చయిందో మీటింగ్‌లో పైకి చదవమని అడగండి. ఈ పనికి పెద్ద డబ్బు అక్కర్లేదు. ఆటో ఛార్జీలు, జిరాక్సులు, టీ, అంతే.

## పని జరుగుతుండగా

అన్ని సమస్యలూ ఉన్నాయి. మొదట ఏది పట్టుకోవాలి?

కాగితాలు. ఆరోగ్యం గురించి అడిగితే కాగితాల గురించి చెప్తుందేంటి అనుకోవచ్చు. టీబీ ఉన్నవాళ్ళకి పౌష్టికాహారం కోసం నెలకు 1,000 రూపాయలు ఇస్తారు, 2024 నవంబరుకు ముందు అది 500. ఆ డబ్బు పడేది బ్యాంకు ఖాతాలో. ఖాతాకు ఆధార్ కావాలి, ఆధార్‌కు ఏదో ఒక ఆధారం కావాలి. ఇంట్లో కాన్పయి, ఎక్కడా నమోదు కాని మనిషికి ఈ గొలుసు మొదటి లింకులోనే తెగిపోతుంది. అప్పుడు టీబీ మాత్రలు ఖాళీ కడుపు మీద వేసుకోవాలి, కళ్ళు తిరుగుతాయి, మానేస్తారు. రిజిస్టరులో "మందులు సరిగా వాడలేదు" అని రాస్తారు.

పుట్టిన 21 రోజుల్లోపు నమోదుకు ఫీజు లేదు. ఏడాది దాటితే ఆర్డీఓ ఉత్తర్వు కావాలి. ఒక్కొక్కరు తిరిగితే అయ్యేది కాదు. కాలనీ మొత్తం పేర్లు ఒక జాబితాగా రాసి, సచివాలయంలోనూ, నెల్లూరులో యానాదుల కోసమే ఉన్న గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) లోనూ ఒకేసారి ఇవ్వండి. జాబితాను పక్కన పెట్టేయడం ఒంటరి మనిషిని తిప్పి పంపినంత సులువు కాదు.

ఆసుపత్రి సిబ్బందికి ఒక శిక్షణ పెట్టిస్తే మారతారా?

ఒక్క పూట శిక్షణతో మారినవాళ్ళను నేను చూడలేదు. భోజనం పెట్టి పంపిస్తారు, మర్నాడు మామూలే. పని చేసింది వేరే. కాలనీ ఆడవాళ్ళు ఇద్దరు, ఒక స్టాఫ్ నర్సు కలిసి ఓపీ చీటీ దగ్గర్నుంచి మందుల కిటికీ దాకా ఒక రోగి నడిచే దారంతా నడిచారు. ఎక్కడ ఆపారో, ఎవరు "నువ్వు" అన్నారో, ఎవరు "మీరు" అన్నారో ఆ నర్సే స్వయంగా విన్నారు. బయటివాళ్ళు చెబితే నేరం మోపినట్టుంటుంది. తోటి ఉద్యోగి చెబితే గదిలో అందరూ వింటారు.

డాక్టర్లకు వాళ్ళ ప్రమాణాన్ని గుర్తుచేయడం కూడా తప్పు కాదు. 2002 నాటి వైద్య వృత్తి నియమావళిలో ఉన్న ప్రమాణంలో మతం, జాతీయత, జాతి, రాజకీయం, సామాజిక హోదా ఇవేవీ తన విధికీ రోగికీ మధ్య రానివ్వనని ఉంది. దాన్ని తెలుగులో పెద్దక్షరాలతో రాయించి ఓపీ గోడకు తగిలించడానికి అనుమతి అడగండి.

సిబ్బంది బాధలూ వినండి. ఇద్దరి పని ఒక్కరు చేసే చోట విసుగు ఉంటుంది. కానీ ఆ విసుగు ఎప్పుడూ ఒకే వీధి మనుషుల మీద పడుతుంటే దాన్ని పని భారం అనకూడదు.

వివక్ష ఉందని మేమంటాం, లేదని వాళ్ళంటారు. ఎట్లా చూపించాలి?

ఒక నోటుబుక్కు పెట్టండి. ఆసుపత్రికి వెళ్ళివచ్చిన ప్రతి మనిషినీ ఐదే అడగండి. ఎంతసేపు కూర్చోబెట్టారు? డాక్టరు చెయ్యి పెట్టి చూశారా? రోగం పేరు చెప్పారా? మందులు ఎట్లా వేసుకోవాలో చెప్పారా? డబ్బులు అడిగారా? కాలనీ వాళ్ళతో పాటు ఊళ్ళో మిగతా వీధుల వాళ్ళనూ ఇవే అడగాలి, లేకపోతే పోల్చడానికి ఏమీ ఉండదు. పేర్లు రాయకండి, వీధి చాలు. మూడు నెలల తర్వాత రెండు వరుసలు పక్కపక్కన పెట్టి మెడికల్ ఆఫీసరుకు చూపించండి. మా దగ్గర ఎక్కువ తేడా కనిపించింది రెండో ప్రశ్నలో.

కాలేజీల వాళ్ళు సర్వేకి వచ్చి వివరాలు తీసుకెళ్తారు, మళ్ళీ కనపడరు. ఒప్పుకోవాలా?

షరతుల మీద ఒప్పుకోండి. అమెరికాలో టస్కెగీ అనే చోట 1932 నుంచి 1972 దాకా, సిఫిలిస్ ఉన్న నల్లజాతి మగవాళ్ళకు సంగతి చెప్పకుండా, పెన్సిలిన్ వచ్చాక కూడా ఇవ్వకుండా, రోగం ఎట్లా ముదురుతుందో చూస్తూ కూర్చున్నారు. అక్కడి జనంలో ఆసుపత్రులంటే అనుమానం ఇంకా పోలేదంటే దానికి ఇదొక కారణం.

పరిశోధనలో జనానికి హాని జరగకుండా చూసే ఎథిక్స్ కమిటీ అనుమతి కాగితం చూపించమనండి. సమ్మతి పత్రం తెలుగులో చదివి వినిపించాలి. రక్తం తీస్తే రిపోర్టు ఆ మనిషికి ఇవ్వాలి. చివరగా, తేలిన సంగతి కాలనీకి వచ్చి చెప్పాలి. ఇది ముందే రాసివ్వనివాళ్ళకు నమస్కారం పెట్టి పంపేయండి.

## వివక్ష జరిగిన రోజు

కులం పేరుతో తిట్టి, చూడకుండా పంపేశారు. ఆ రోజే ఏం చేయాలి?

ముందు వైద్యం. 108కి ఫోన్ చేసి ఇంకో ఆసుపత్రికి తీసుకెళ్ళండి. గొడవ తర్వాత పడవచ్చు. ఓపీ చీటీ పారేయకండి, దాని మీద తేదీ ఉంటుంది. అదే సాయంత్రం ఎవరు, ఎన్నింటికి, ఏ మాట అన్నారు, పక్కన ఎవరున్నారు అన్నది ఉన్నదున్నట్టు రాయించండి. రెండు రోజులైతే మాటలు మారిపోతాయి.

ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989 నాటిది. దానికి 2015లో చేసిన సవరణలో ఆసుపత్రి, డిస్పెన్సరీ, పీహెచ్‌సీ పేర్లు విడిగా రాశారు. ఎస్సీ ఎస్టీలను వాటిలోకి రానివ్వకపోవడం నేరం. 6 నెలల నుంచి 5 ఏళ్ళ దాకా జైలు, జరిమానా. నలుగురికీ కనపడే చోట కులం పేరుతో తిట్టడమూ ఇందులోనే నేరం. ఎఫ్‌ఐఆర్‌కు ముందు విచారణ అక్కర్లేదని 2018 సవరణ చెప్పింది. దర్యాప్తు చేసేది డీఎస్పీ స్థాయి అధికారి. స్టేషన్‌లో తీసుకోకపోతే 14566కు ఫోన్ చేయండి. ఇది ఈ వేధింపుల కోసమే పెట్టిన జాతీయ హెల్ప్‌లైన్.

కేసు పెడితే రేపు మళ్ళీ అదే ఆసుపత్రికి ఎట్లా వెళ్తాం?

ఈ భయం నిజమైనది. నిర్ణయం బాధితులదే, జట్టుది కాదు. మా దగ్గర ఎక్కువమంది మొదట మెడికల్ ఆఫీసరుకు రాతపూర్వక ఫిర్యాదు, తర్వాత సోమవారం కలెక్టరేట్ అర్జీ, అప్పటికీ కదలకపోతే కేసు అన్న దారిలో వెళ్ళారు. ఎస్సీ ఎస్టీ చట్టం అమలును చూసే జిల్లా నిఘా, పర్యవేక్షణ కమిటీ కలెక్టర్ అధ్యక్షతన కనీసం మూడు నెలలకోసారి కూర్చోవాలి. అక్కడికీ పంపవచ్చు. ఒకటి మాత్రం చెప్తాను. ఫిర్యాదు చేసినవాళ్ళు ఆ తర్వాత ఆసుపత్రికి వెళ్ళే ప్రతిసారీ జట్టులో ఒకరు పక్కన ఉండాలి. ఆ తోడు ఇవ్వలేకపోతే వాళ్ళను ఫిర్యాదు వైపు నెట్టకండి. రాజీ కోసం ఊరి పెద్దలు డబ్బు మాట ఎత్తితే ఆ సంభాషణలో జట్టు ఉండకూడదు.

ప్రైవేటు ఆసుపత్రిలో జరిగితే ఎస్సీ ఎస్టీ చట్టం వర్తిస్తుందా?

వర్తిస్తుంది. ప్రభుత్వమా ప్రైవేటా అని చట్టం చూడదు. ప్రభుత్వ ఉచిత వైద్య పథకమైన ఎన్టీఆర్ వైద్య సేవ కింద వెళ్ళినవాళ్ళను పక్కన పెడితే 104కు కూడా చెప్పండి. కేస్ షీటు అడగండి. అడిగిన 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలని వైద్య నియమావళి చెబుతుంది.

చర్చికి వెళ్ళే దళితులకు కూడా ఎస్సీ ఎస్టీ చట్టం పనికొస్తుందా?

1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులు, సిక్కులు, బౌద్ధులకే. క్రైస్తవం తీసుకున్నవాళ్ళకు ఈ చట్టం కింద ఇబ్బంది వస్తుంది. ఎస్టీలకు మతం అడ్డు లేదు. వాడలో ఒకే ఇంట్లో అన్నకు ఒక హోదా, తమ్ముడికి ఒక హోదా ఉన్న సందర్భాలున్నాయి, తిట్టేవాళ్ళు మాత్రం ఇద్దర్నీ ఒకే మాట తిడతారు. ఇది అన్యాయమని నా అభిప్రాయం. అట్లాంటప్పుడు ఆసుపత్రి ఫిర్యాదు, కలెక్టరేట్ అర్జీ, వైద్య మండలికి ఫిర్యాదు అందరికీ ఉన్నాయి. వాటిని వాడుకోండి.

## ఏడాది తర్వాత

ఆరు నెలలు బాగా వచ్చారు, ఇప్పుడు నలుగురే వస్తున్నారు. ఆపేయాలా?

ఆపకండి. నాట్లు, కోతల రోజుల్లో ఎవరూ రారు, మీటింగ్ ఆ నెలకు వదిలేయండి. వచ్చే ఆ నలుగురూ ఎవరో చూడండి. కాలనీ వాళ్ళయితే జట్టు బతికే ఉంది. నలుగురూ ఊళ్ళోవాళ్ళే అయితే ఎక్కడో వాళ్ళ మాట పడనివ్వలేదని అర్థం, ఇళ్ళకు వెళ్ళి అడగండి.

మార్పు వచ్చిందని ఎట్లా తెలుసుకోవాలి?

కొన్ని లెక్కలు తెలుస్తాయి. మూడో నెలలోపు పేరు రాయించుకున్న గర్భిణులు, మధ్యలో మానకుండా పూర్తయిన టీబీ చికిత్సలు, ఆసుపత్రిలో కాన్పులు. వీటిని కాలనీకీ మిగతా ఊరికీ వేరువేరుగా రాయండి. కలిపేస్తే తేడా దాగిపోతుంది.

లెక్కల్లో పడనివి కొన్ని కూర్చుని చూడాలి. మేం వెళ్ళే ఒక ఆసుపత్రిలో ఓపీ వసారాలో రెండు బెంచీలుండేవి. కాలనీ వాళ్ళు వాటిని వదిలి గోడ వారన కింద కూర్చునేవాళ్ళు. ఎవరూ కూర్చోవద్దని అనలేదు, కూర్చోమనీ అనలేదు. పోయిన వేసవిలో చూస్తే బెంచీ మీద జాగా లేదు, ఒక యానాది తల్లి చంటిబిడ్డతో మధ్యలో కూర్చుని ఉంది, పక్కనున్నామె బిడ్డ కాళ్ళకు చోటిచ్చి జరిగింది. మందుల కిటికీ దగ్గర మాత్రం ఇంకా చేతికి ఇవ్వడం లేదు, కౌంటరు మీదకు తోస్తున్నారు. ఈ నెల మీటింగ్‌లో మొదటి విషయంగా కాలనీ వాళ్ళు అదే రాయించారు.